ఉప్పుగాలి ఊళ్లో ఇంజిన్ బోల్టు

విశాఖలో ఆర్కే బీచ్ వైపో, ఫిషింగ్ హార్బర్ దగ్గరో ఏళ్ల తరబడి ఆరుబయట ఉన్న బండికి క్లచ్ కవర్ బోల్టు ఒకటి విప్పి చూడండి. దాని మరల (మెలికల గాట్ల) మధ్య తెల్లటి పొడి సున్నంలా గట్టిపడి ఉంటుంది. అది ఇనుప తుప్పు కాదు, అల్యూమినియం తినుకుపోగా మిగిలింది. కవర్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. రెండిటి మధ్యకు ఉప్పుతడి చేరితే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది, అందులో అరిగేది అల్యూమినియమే. ఆ పొడి అసలు లోహం కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి బోల్టును నలుదిక్కులా నొక్కి పట్టేస్తుంది. అప్పుడు బలం పెడితే బోల్టు తల తెగుతుంది, లేదా కేసింగ్ మరలు బోల్టుతో పాటే ఊడి వస్తాయి.

దీనికి విరుగుడు యాంటీ సీజ్. గ్రీజులో లోహపు పొడి కలిపిన పేస్టు ఇది. వేడికి గ్రీజు ఆవిరైనా పొడి మిగిలి రెండు లోహాలనూ అంటుకోనివ్వదు. రాగి రకం సుమారు 980 డిగ్రీల సెల్సియస్ దాకా ఆగుతుంది, సైలెన్సర్ బెండు స్టడ్‌లకు అది మేలు. కవర్ బోల్టులకు అల్యూమినియం రకమే వాడాలి. ఉప్పుతడిలో రాగి తోడైతే అల్యూమినియం ఇంకా త్వరగా పోతుంది.

ముందు మరలను వైర్ బ్రష్‌తో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. తర్వాత బియ్యపు గింజంత పేస్టును కొస నుంచి మూడు నాలుగు చుట్లకు పలచగా పూయాలి. అడుగు మూసి ఉన్న రంధ్రంలో పేస్టు నిండిపోతే, బిగించేటప్పుడు దానికి పోయే దారి ఉండదు. ఆ ఒత్తిడికి కేసింగే పగలొచ్చు.

ఎక్కువమంది పొరపాటు పడేది టార్క్ దగ్గర, అంటే బోల్టును తిప్పి బిగించే బలం దగ్గర. పొడిగా ఉన్న 6 మి.మీ. బోల్టును 10 న్యూటన్ మీటర్లకు బిగిస్తే సుమారు 850 కిలోల పట్టు వస్తుంది. పేస్టు పూసి అదే 10కి బిగిస్తే రాపిడి తగ్గి పట్టు సుమారు 1,200 కిలోలకు చేరుతుంది, మెత్తని అల్యూమినియం మర అక్కడే పోవచ్చు. మాన్యువల్ అంకె పొడి మరలకు ఇచ్చినదైతే 7 దగ్గరే ఆగాలి. చేతి అంచనాకు ఈ తేడా తెలియదు, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ కావాల్సిందే.

ఇంజిన్ పై భాగాన్ని పట్టి ఉంచే హెడ్ బోల్టులకు మాన్యువల్ ఇంజిన్ ఆయిల్ చెబితే ఆయిలే వేయండి. మరలపై లోహపు పూత ఉన్న స్పార్క్ ప్లగ్గులకు యాంటీ సీజ్ అక్కర్లేదు; ప్లగ్గుల తయారీ సంస్థ ఎన్‌జీకే తన ప్లగ్గులకు వద్దనే చెబుతుంది. బ్రేక్ డిస్క్ బోల్టులకు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పూయకూడదు. అవి వదులు కాకుండా ఉండాలి, వాటికి కావలసింది మరలను అతికి పట్టే జిగురు, థ్రెడ్ లాక్.