మొదటి రాత్రికి మంచం

చిరంజీవులకు పెద్దమ్మ ఆశీస్సులు.

సెమిస్టర్ సెలవుల్లో జర్మనీలోని డార్ట్‌మండ్ నుంచి బయల్దేరి ఏ ఊరు నచ్చితే ఆ ఊళ్లో దిగిపోతామని, రూములేవీ బుక్ చేయలేదని ఫోన్లో చెప్పారు. మీ అమ్మకి టెన్షన్ పట్టుకుంది గానీ నాకు సంతోషమే. ఈ వయసులో కాకపోతే ఎప్పుడు తిరుగుతారు!

ఒక్కటి వినండి. కొత్త ఊరికి వెళ్లేముందు, మొదటి రాత్రికి మంచం ఖాయం చేసుకున్నాకే రైలెక్కండి. రెండో రాత్రి సంగతి అక్కడ చూసుకోవచ్చు. రాత్రి పదకొండింటికి తెలియని స్టేషన్లో దిగి, ఫోన్లో చార్జింగ్ కూడా అయిపోతుంటే, ఎవరెంత చెబితే అంత ఇచ్చేస్తారు. మీలా తిరిగేవాళ్లు మంచం లెక్కన అద్దెకి దిగే చిన్న హాస్టళ్లలో ఆ వేళకి రిసెప్షన్ మూసేస్తారు కూడా. ఆలస్యమయ్యేట్టుంటే ముందే ఫోన్ చేసి తలుపు కోడ్ అడిగి పెట్టుకోండి. సెప్టెంబరు చివర్లో మ్యూనిక్ వైపు మాత్రం ఇలా వెళ్లొద్దు. అక్కడి బీరు పండగ ఆక్టోబర్‌ఫెస్ట్ రోజుల్లో డార్మిటరీ మంచాలకీ రేట్లు మండిపోతాయి.

అసలు ఈ హాస్టళ్ల ఆలోచన పుట్టిందే అనుకోకుండా దారిలో చిక్కుకుపోయిన ఒక రాత్రి. 1909లో రిచర్డ్ షిర్‌మన్ అనే బడిపంతులు పిల్లల్ని వెంటబెట్టుకుని కాలినడకన తిరుగుతుంటే గాలివాన వచ్చింది. ఒక పల్లెటూరి బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో బళ్లన్నీ ఖాళీయే కదా, ఇలా తిరిగే పిల్లలకి వాటిలో పడక ఏర్పాటు చేస్తే బాగుంటుందని ఆయనకి తోచింది. 1912లో ఆల్టెనా కోటలో శాశ్వతంగా ఒక యూత్ హాస్టల్ వెలిసింది. అలాంటిది ప్రపంచంలో అదే మొదటిది. ఆ పాత గదుల్ని ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు. మీకు దగ్గరే, చూసి రండి.

గది, వంటిల్లు, స్నానాలగది పదిమందీ పంచుకోబట్టే మంచం అంత చవకగా వస్తుంది. కాబట్టి ఆ పదిమంది నిద్ర మీ బాధ్యత కూడా. తెల్లవారుజామున రైలుంటే బ్యాగు రాత్రే సర్దుకోండి. నాలుగింటికి ప్లాస్టిక్ కవర్లు గలగలలాడితే గదంతా లేచి కూర్చుంటుంది. వంటింట్లో ఎండుమిరపకాయల తాలింపు జోలికి పోకండి. ఆ పొగకి అలారం మోగిందంటే బిల్డింగంతా చలిలో రోడ్డు మీదకి రావాలి. కందిపొడి డబ్బా తీసుకెళ్లి, అన్నం ఒక్కటి వండుకోండి. ఫ్రిజ్‌లో పెట్టే గిన్నె మీద పేరు, తేదీ రాయండి.

బ్యాగు మంచం మీద పడేసేముందు దుప్పటి ఎత్తి పరుపు కుట్ల దగ్గర చూడండి. నల్లటి చుక్కలుంటే నల్లులున్నట్టే, వెంటనే గది మార్చమనండి. లాకరుకి తాళం చాలాచోట్ల మనదే ఉండాలి, ఒకటి కొనుక్కోండి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు దిండు కింద కాదు, ఒంటిమీదే ఉంచుకోండి. అమ్మలూ, నీకు ఆడవాళ్ల డార్మిటరీ దొరికితే అదే తీసుకో. గదిలో ఎవరి తీరైనా తేడాగా అనిపిస్తే మొహమాటపడకు, అర్ధరాత్రయినా లేచి రిసెప్షన్‌కి వెళ్లు. తమ్ముణ్ణీ లేపు.

ఊరు మారినప్పుడల్లా హాస్టల్ పేరు, చిరునామా నాకు మెసేజ్ పెట్టండి. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను.

మీ పెద్దమ్మ