కళ్లు మూసుకుని కట్టే విగ్రహం: హిందూ, బౌద్ధ దేవతా ధ్యానాల పూర్వకథ

లలితా సహస్రనామం పుస్తకం తెరిస్తే, అసలు నామాలు మొదలయ్యే ముందు కొంత తంతు ఉంటుంది. ఋషి, ఛందస్సు, బీజం, శక్తి, కీలకం, ఆపైన కరన్యాసం, అంగన్యాసం, ‘భూర్భువస్సువరోమితి దిగ్బంధః’. దాని వెంటనే ‘సింధూరారుణ విగ్రహాం త్రినయనాం’ అంటూ ధ్యాన శ్లోకం. చాలామంది దీన్ని గుక్క తిప్పుకోకుండా చదివేసి నామాల్లోకి వెళ్లిపోతారు. కానీ అది పొగడ్త కాదు, పని పురమాయించే శ్లోకం. సిందూరపు ఎరుపు దేహం, మూడు కళ్లు, మాణిక్య కిరీటం మీద చంద్రవంక, చిరునవ్వు ముఖం, ఒక చేతిలో రత్నపాత్ర, మరో చేతిలో ఎర్ర కలువ. వీటిని ఒక్కొక్కటిగా మనసులో కట్టుకొమ్మని చెప్పి, చివర ‘ధ్యాయేత్’ అని ఆజ్ఞాపిస్తుంది.

టిబెట్ బౌద్ధ సాధకుడు రోజూ చదువుకునే సాధన పుస్తకంలోనూ దాదాపు ఇదే వరుస కనిపిస్తుంది. ముందు విఘ్నాలను తరిమి, చుట్టూ వజ్ర ప్రాకారం, పైన వజ్ర పంజరం ఊహించుకోవాలి. తర్వాత బీజాక్షరం, దాని నుంచి దేవత దేహం, రంగు, చేతులు, ఆయుధాలు, ఆభరణాలు. ఈ పోలికే ఏళ్ల తరబడి నలుగుతున్న తగవుకు మూలం. మంత్రసాధన నేర్పే మన తంత్ర గ్రంథాలను బౌద్ధులు ఎత్తుకుపోయారని కొందరు, తంత్రమే బౌద్ధుల సొత్తనీ హిందువులు తర్వాత తెచ్చుకున్నారనీ మరికొందరు, అంతా ఒకటేనని ఇంకొందరు అంటారు. మొదటి రెండు వాదాలతో కనీసం పోట్లాడవచ్చు, వాటికి గ్రంథాలు, కాలాలు ఉన్నాయి. నాకు బొత్తిగా రుచించనిది మూడోదే. రెండు సాధనలనూ మెట్టు మెట్టుగా చూడకుండా మాత్రమే ఆ మాట అనగలం.

రూపాన్ని మనసులో నిలుపుకోవడం తంత్రాలతో మొదలైన పని కాదు. ఛాందోగ్యోపనిషత్తు ఆదిత్యునిలో కనిపించే హిరణ్మయ పురుషుణ్ని వర్ణిస్తుంది: బంగారు గడ్డం, బంగారు జుట్టు, గోళ్ల కొసల దాకా బంగారమే. అదే గ్రంథం మరోచోట హృదయంలోని చిన్న ఆకాశాన్ని వెతకమంటుంది. బయటి తేజస్సు, లోపలి చోటు అన్న ఈ రెండూ తర్వాతి దేవతా ధ్యానాలన్నిటికీ నేల చదును చేశాయి.

బౌద్ధంలో ఒక పాత సాక్ష్యం గోదావరి ఒడ్డు నుంచే వస్తుంది. పాళీ త్రిపిటకంలోని అతి ప్రాచీన భాగాల్లో ఒకటిగా పండితులు లెక్కించే సుత్తనిపాతంలో, అస్సక దేశ ప్రాంతంలో గోదావరి తీరాన ఉండే బావరి అనే బ్రాహ్మణుడు తన పదహారు మంది శిష్యులను బుద్ధుని దగ్గరకు పంపుతాడు. వాళ్లలో పింగియుడు ముసలివాడు. తిరిగి వచ్చి బుద్ధుణ్ని ఒకటే పొగుడుతూ ఉంటే బావరి అడుగుతాడు: అంతటి వాణ్ని విడిచి క్షణమైనా ఎలా ఉంటున్నావని. కంటితో చూసినట్టే మనసుతో ఆయన్ను రాత్రింబవళ్లు చూస్తున్నాను, రాత్రంతా ఆయనకు నమస్కరిస్తూనే గడుపుతాను, ఇది ఎడబాటు అనుకోను అంటాడు పింగియుడు. దేహం వయసు మీరి అక్కడికి పోలేదు, మనసు మాత్రం పోతుంది. బుద్ధునికి మనిషి రూపంలో విగ్రహాలు చెక్కడం మొదలుకాక ముందటి మాట ఇది.

ఈ స్మరణ తర్వాతి బౌద్ధ మార్గమైన మహాయానంలో పద్ధతిగా మారింది. లోకక్షేముడనే భిక్షువు క్రీ.శ. 179లో చైనా భాషలోకి అనువదించిన ప్రత్యుత్పన్న సమాధి సూత్రం, అమితాయు అనే బుద్ధుణ్ని ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఏకాగ్రంగా తలచుకుంటే దర్శనం అవుతుందని చెబుతుంది. అక్కడితో ఆగి ఉంటే అది మామూలు భక్తి గ్రంథమే అయ్యేది. దర్శనం అయిన సాధకుడు వెంటనే తనను తాను ప్రశ్నించుకోవాలట: ఈ బుద్ధులు ఎక్కడి నుంచి వచ్చారు? నేను ఎక్కడికి వెళ్లాను? వాళ్లు ఎక్కడి నుంచీ రాలేదు, నేనూ ఎక్కడికీ పోలేదు, మనసే బుద్ధుణ్ని చేస్తుంది, మనసే చూస్తుంది. చూపించిన చేత్తోనే చెరిపేయడం అన్న బౌద్ధ అలవాటు ఇక్కడే స్పష్టంగా కనబడుతుంది. అయిదో శతాబ్దంలో చైనాలో వెలువడిన అమితాయు ధ్యాన సూత్రం అభ్యాసాన్ని పదహారు మెట్లుగా అమర్చింది. కన్నకొడుకు అజాతశత్రువు బంధించిన వైదేహి రాణికి బుద్ధుడు బోధించినట్టుగా అది నడుస్తుంది. మొదట అస్తమించే సూర్యుడు, తర్వాత నీరు, ఆ నీరు గడ్డకట్టి మంచు, మంచు వైడూర్యపు నేల. నేల గట్టిపడ్డాకే బుద్ధుడు. దీనికి సంస్కృత మూలం ఇప్పటిదాకా దొరకలేదు.

పాళీ గ్రంథాలను అనుసరించే థేరవాద మార్గం ఈ దారిలో ఎక్కువ దూరం రాలేదు. బుద్ధఘోషుని ధ్యానగ్రంథం విశుద్ధిమగ్గంలో మట్టి బిళ్లను ఏకాగ్రంగా చూసి, కళ్లు మూసినా అది కనిపించేదాకా చేసే కసిణ అభ్యాసం ఉంది. బుద్ధుణ్ని తలచుకునే బుద్ధానుస్మృతిలో మాత్రం ఆయన పట్టుకోమన్నది గుణాలను, రూపాన్ని కాదు.

పురాణాలదీ దీనికి సమాంతరమైన నడకే. భాగవతం రెండో స్కంధంలో హృదయాకాశంలో జానెడు పొడవున్న చతుర్భుజుణ్ని నిలుపుకోమంటుంది. మూడో స్కంధంలో కపిలుడు తల్లి దేవహూతికి పాదాలతో మొదలుపెట్టి, మోకాళ్లు, నాభి, వక్షస్థలం మీదుగా నవ్వు ముఖం దాకా ఒక్కో అంగాన్ని విడివిడిగా చూడమని నేర్పుతాడు. ఒక అంగం స్థిరపడ్డాకే పైదానికి పోవాలి. తమిళ దేశంలో వేదాంత దేశికులు శ్రీరంగనాథునిపై రాసిన భగవద్ధ్యాన సోపానానిదీ ఇదే క్రమం. వీటన్నిటిలో దేవుడు ఎదురుగానో, హృదయంలోనో ఉంటాడు. చూసేవాడు చూసేవాడిగానే మిగులుతాడు.

తంత్రాలు ఈ ఏర్పాటును తిరగేశాయి. దేవతను చూడటం చాలదు, సాధకుడే దేవత కావాలి. ‘నాదేవో దేవమర్చయేత్’, దేవుడు కానివాడు దేవుణ్ని పూజించకూడదు. మన ఇళ్లలో పూజ మొదట్లో చదివే ‘దేహో దేవాలయః ప్రోక్తో’ శ్లోకం చివర ‘సోఽహంభావేన పూజయేత్’ అని ఉంటుంది. నోరు తిరిగి అలవాటైపోవడం వల్ల ఎవరూ ఉలిక్కిపడరు గానీ, అది ఎంత సాహసమైన మాటో ఒకసారి ఆగి చూడాలి.

దేవత కావాలంటే ముందు ఈ మామూలు ఒళ్లు పోవాలి. భూతశుద్ధిలో పృథివిని జలంలో, జలాన్ని అగ్నిలో, అగ్నిని వాయువులో, వాయువును ఆకాశంలో లయం చేస్తారు. ‘యం’ బీజంతో పాపదేహాన్ని ఎండగట్టి, ‘రం’తో కాల్చి, ‘వం’తో అమృతం కురిపించి కొత్త దేహాన్ని పుట్టిస్తారు. ఈ పని సాగుతున్నంతసేపూ జీవుడు శిరసులో పరమాత్మతో కలిసి భద్రంగా ఉంటాడు. ఇల్లు కూల్చి కట్టేటప్పుడు యజమానిని పక్కింట్లో ఉంచినట్టు. బౌద్ధ సాధనలో ఇదే స్థానంలో ‘ఓం శూన్యతాజ్ఞానవజ్రస్వభావాత్మకోఽహమ్’ అనే మంత్రం వస్తుంది. ఒళ్లు, ఇల్లు, లోకం అన్నీ శూన్యంలో కలిసిపోతాయి. పక్కన భద్రంగా దాచాల్సిన జీవుడంటూ ఇక్కడ ఎవరూ లేరు. ఆ శూన్యంలోంచి పద్మం, దానిమీద చంద్రమండలం, ఆ పైన బీజాక్షరం. శ్యామతార అయితే ఆకుపచ్చ ‘తాం’. అక్షరం నుంచి కిరణాలు దిక్కులన్నిటికీ పోయి తిరిగి వస్తాయి, అక్షరం తారగా మారుతుంది. కుడికాలు కిందికి చాచి, ఎడమకాలు ముడిచి, చేతిలో నల్లకలువతో ఉన్న ఆ తార సాధకుడే.

తర్వాతి మెట్టులో పోలిక మరీ దగ్గరవుతుంది. తాను ఊహించుకున్న రూపాన్ని బౌద్ధులు సమయసత్త్వం అంటారు. అసలు దేవతను, అంటే జ్ఞానసత్త్వాన్ని, పిలిచి అందులో కలపాలి. దానికి ‘జః హూం వం హోః’ అనే నాలుగు అక్షరాలు, నాలుగు పనులు: లాగడం, లోపలికి ప్రవేశపెట్టడం, బంధించడం, సంతోషపెట్టడం. వినాయక చవితినాడు మట్టి ప్రతిమకు ప్రాణప్రతిష్ఠ చేస్తూ ‘ఆవాహితో భవ, స్థాపితో భవ, సన్నిహితో భవ, సన్నిరుద్ధో భవ’ అని చదువుతాం కదా, ఆ సన్నిరోధం కూడా ఆపి ఉంచడమే. ఈ రెండూ ఒకే కాలపు పనిపద్ధతి నుంచి వచ్చినవని చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

మరి ముందు ఎవరు? శైవ తంత్రాల్లో మనకు దక్కిన అతి పాతది నిశ్వాసతత్త్వసంహిత. దాని తొలి పొరలను అయిదు, ఆరు శతాబ్దాల నాటివిగా లెక్కిస్తున్నారు. బౌద్ధంలో దేవతాయోగాన్ని, అంటే తానే దేవతగా భావించే సాధనను, పూర్తి స్థాయిలో చెప్పే మహావైరోచన తంత్రం ఏడో శతాబ్దపుది. శుభకరసింహుడు దాన్ని 724 ప్రాంతంలో చైనా భాషలోకి మార్చాడు. 804లో చైనా వెళ్లిన జపాను భిక్షువు కూకాయ్ ఆ సంప్రదాయాన్నే తన దేశానికి తీసుకుపోయాడు. ఇక సంవరుడనే దేవతను కొలిచే బౌద్ధ చక్రసంవర తంత్రం సంగతి చూస్తే, అందులోని పెద్ద పెద్ద భాగాలు బ్రహ్మయామళం, జయద్రథయామళం, తంత్రసద్భావం వంటి శైవ గ్రంథాల నుంచి ఎత్తి రాసినవని శైవ తంత్రాల పరిశోధకుడు అలెక్సిస్ శాండర్సన్ పాఠాలను పక్కపక్కన పెట్టి చూపించాడు. బౌద్ధ పాఠంలో అర్థం కాని చోట్లు శైవ పాఠంతో పోల్చినప్పుడే తేటపడటం ఆయన వాదానికి బలం. రెండు మతాలకూ ఉమ్మడి నేల ఒకటుందని, అప్పు అనే మాట సరిపోదని బౌద్ధ గ్రంథాల పరిశోధకుడు డేవిడ్ సైఫోర్ట్ రూగ్ అభ్యంతరం చెప్పాడు. నాకు ఈ ఒక్క గ్రంథం వరకు శాండర్సన్ సాక్ష్యమే బరువుగా తోస్తుంది. ఉమ్మడి నేల ఉండవచ్చు గానీ, వాక్యాలకు వాక్యాలు నేలలోంచి మొలవవు. పైగా తీసుకున్న బౌద్ధులు కృతజ్ఞత చూపలేదు. వాళ్ల సంవరుడు భైరవుణ్ని, కాళరాత్రిని కాళ్లకింద తొక్కుతూ నిలబడతాడు.

అయితే ఇదే కథ చివరిదాకా సాగిందని అనుకునేవాళ్లు దశమహావిద్యలనే పదిమంది హిందూ తాంత్రిక దేవతల్లోని తారను ఒకసారి చూడాలి. ఆమె ధ్యాన శ్లోకం ‘ప్రత్యాలీఢపదాం ఘోరాం’ అని మొదలవుతుంది, అందులోనే ‘మౌళావక్షోభ్యభూషితామ్’ అన్న మాట ఉంది. తలమీద అక్షోభ్యుడు. దేవత ఏ బుద్ధుని కులానికి చెందినదో తెలియడానికి ఆ బుద్ధుణ్ని కిరీటంలో చూపడం బౌద్ధ శిల్పంలో నియమం. అక్షోభ్యుడు పంచబుద్ధుల్లో ఒకడు. ఇవే వర్ణనలు, కొన్నిచోట్ల ఇవే మాటలు, సాధనమాలలోని మహాచీనతారా సాధనలో ఉన్నాయి. మూడు వందలకు పైగా బౌద్ధ సాధనలున్న ఆ సంకలనాన్ని బినయతోష్ భట్టాచార్య 1925, 1928లలో బరోడా నుంచి రెండు సంపుటాలుగా ప్రచురించినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసింది. హిందూ తాంత్రికులకు ఆ చిన్న బొమ్మ చిక్కు తెచ్చి ఉండాలి. తోడల తంత్రం సమాధానం వెతికింది: హాలాహలం తాగినా క్షోభ చెందని శివుడే అక్షోభ్యుడు! తెలివైన సర్దుబాటే, కాదనను. అదే పదిమందిలో మరొకరైన ఛిన్నమస్త మంత్రంలో ‘వజ్రవైరోచనీయే’ అన్న బౌద్ధ పిలుపు మాత్రం ఏ సర్దుబాటూ లేకుండా అలాగే ఉండిపోయింది. వసిష్ఠుడంతటి వాడు తారాసాధన నేర్చుకోవడానికి మహాచీనంలో ఉన్న బుద్ధుని దగ్గరకు వెళ్లాడని రుద్రయామళం కథే చెబుతుంది. అంటే అప్పు రెండు వైపులా నడిచింది.

పదమూడో శతాబ్దం నాటికి మగధ, బెంగాల్ మహావిహారాలు కూలిపోయాక బౌద్ధ సాధన నేపాల్‌లో, టిబెట్‌లో, జపాన్‌లో గురుపరంపరల్లో బతికింది. టిబెట్‌లో చోంఖాపా (1357–1419) అనే గురువు దేవతాయోగమే వజ్రయానాన్ని, అంటే బౌద్ధ తంత్రమార్గాన్ని, మిగతా మహాయానం నుంచి వేరు చేసే లక్షణమని వాదించాడు. బుద్ధుని రూపకాయం, అంటే కంటికి కనిపించే దేహం, ఫలం అయినప్పుడు, ఆ ఫలానికి సరిపోలే అభ్యాసమే కారణం కావాలన్నది ఆయన తర్కం. నేనే దేవతనన్న అహంకారాన్ని కావాలని పెంచుకోమంటారు, కానీ ఆ దేవతకూ తనదంటూ స్వతంత్ర స్వభావం లేదన్న ఎరుకతో. ఎరుక జారిపోతే మిగిలేది ఉత్త అహంకారమే. హిందూ పక్షంలో అందరిదీ ఒకే సమాధానం కాదు. శైవసిద్ధాంతి తనను శివుడిగా భావిస్తాడు గానీ, ముక్తిలో శివునితో సమానుడవుతాడే తప్ప శివుడే కాడు. అభినవగుప్తుని అద్వైత శైవంలో సాధకుడు ఎప్పుడూ శివుడే, మరిచిపోయాడంతే. చైతన్యుని అనుయాయులైన గౌడీయ వైష్ణవులు ఈ రెంటినీ పక్కన పెట్టారు. 1541లో పూర్తయిన భక్తిరసామృతసింధువులో రూపగోస్వామి చెప్పిన రాగానుగ సాధనలో భక్తుడు తనను ఊహించుకునేది కృష్ణునిగా కాదు, బృందావనంలో ఆయనను సేవించే పరిజనంలో ఒకరిగా.

ఇక ముగింపు మెట్టు. ఇంటి పూజలో ‘యథాస్థానం ఉద్వాసయామి’ అని దేవతను సాగనంపుతాం. వచ్చినవారు ఉన్నారు కాబట్టి వెళ్లే చోటు కూడా ఉంది. బౌద్ధ సాధకుడు మండలాన్ని దేవతలో, దేవతను హృదయంలోని బీజాక్షరంలో, అక్షరాన్ని అడుగు నుంచి పై బిందువు దాకా కరిగించి, బిందువునూ వదిలేస్తాడు. ఇక్కడ రెండు మతాలూ విడిపోతాయని చెప్పి చేతులు దులుపుకోవచ్చు గానీ, పురాణాలు అంత సులువుగా వదలవు. విష్ణుపురాణంలో కేశిధ్వజుడనే రాజు ధ్యానం కుదిరాక శంఖచక్రాలు లేని విష్ణువును, ఆపై కిరీటకేయూరాలు లేని విష్ణువును చూడమంటాడు, పెట్టిన నగలు ఒక్కొక్కటే తీసేయమంటాడు. భాగవతం పదకొండో స్కంధంలో కృష్ణుడు ఉద్ధవునితో, అన్ని అంగాల నుంచి మనసును లాగి నవ్వు ముఖం ఒక్కదానిమీదే నిలుపు, అక్కడ కుదురుకున్నాక దాన్ని ఆకాశంలో నిలుపు, ఆకాశాన్నీ వదిలెయ్యి, ‘న కించిదపి చింతయేత్’ అంటాడు. ప్రత్యుత్పన్న సూత్రం చదివిన బౌద్ధ భిక్షువు ఇంతవరకు విని తల ఊపేవాడే. కానీ అదే శ్లోకంలో ‘మదారోహః’ అన్న మాట కూడా ఉంది: ఏమీ తలచని ఆ స్థితిలో సాధకుడు నన్ను అధిరోహించి ఉంటాడని. అధిరోహించడానికి ఒకడు ఉన్నాడన్న ఆ మాట దగ్గర భిక్షువు లేచి వెళ్లిపోతాడు.