గట్టు మీద చెట్టు, వేరులో నిప్పు

"గట్టు మీద చెట్టు పెడితే అది పంటకు పోటీ కాదా సార్? ఎండ అదే తీసుకుంటది, నీళ్లు అదే తాగుతది, నాకేం మిగులుతది?" నాగర్‌కర్నూలు వైపు రెండెకరాల చెల్క ఉన్న ఒక రైతు ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఇది. అడగాల్సిన ప్రశ్నే. పోటీ ఉంటుంది, అబద్ధం చెప్పకూడదు. పొలంలో చెట్ల గురించి ఇచ్చే శిక్షణల్లో చాలాచోట్ల ఈ మాట దాటేసి లాభాలే ఏకరువు పెడతారు. ఆగ్రోఫారెస్ట్రీకి, అంటే పంటతోపాటు చెట్లు పెంచే పద్ధతికి, జాతీయ విధానం తెచ్చుకున్న మొదటి దేశం మనదే, 2014లో. దాన్ని చదివి వినిపిస్తే ఈ రైతు టెన్షన్ తీరదు. చెట్టును ఎప్పుడు కొట్టాలో, ఎందుకు కొట్టాలో చేతికి కత్తి ఇచ్చి చూపిస్తే తీరుతుంది.

గ్లైరిసిడియానే తీసుకుంటాను, నాకు ఇష్టమైన చెట్టు. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. అక్కడ కోకో మొక్కలకు నీడగా పెంచుతారు కాబట్టి స్పానిష్‌లో 'కోకో తల్లి' అంటారు. కన్నడంలో 'గొబ్బరద గిడ', అంటే ఎరువు చెట్టు. శ్రీలంకలో తేయాకు, రబ్బరు, కొబ్బరి తర్వాత నాలుగో తోట పంటగా దానికి హోదా ఇచ్చారు. మనకు కంది, వేరుశనగ ఎలాగో ఇదీ అంతే, చిక్కుడు కుటుంబం. ఆ కుటుంబపు సొత్తు వేళ్ల మీది బుడిపెల్లో ఉంది.

పోయిన వానాకాలం ఒక పల్లెలో గట్టు దగ్గర పదిహేనుమంది కూర్చున్నాం. ఏడాది వయసున్న మొక్కను మట్టిగడ్డతో సహా పారతో లేపి, బకెట్ నీళ్లలో ముంచి మట్టి మెల్లగా కడిగాం. లాగితే బుడిపెలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి, అందుకే ఈ ఓపిక. మిరియపు గింజంత బుడిపెను గోటితో రెండు చేసి అరచేతిలో పెట్టి చూపించాను. లోపల లేత ఎరుపు, పంటి చిగుళ్ల రంగు. "రక్తమా సారూ?" అని ఒక అవ్వ అడిగింది. ఆమె మాట చాలావరకు నిజం. అది లెగ్‌హిమోగ్లోబిన్, మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం. మొక్కకు నెత్తుటి బంధువుతో పనేమిటి?

పంటకు ముఖ్యమైన తిండి నత్రజని, గాలిలో 78 శాతం అదే. కానీ దాని రెండు పరమాణువులు మూడు బంధాలతో గట్టిగా పట్టుకుని ఉంటాయి. యూరియాకు కావలసిన అమ్మోనియా తయారీలో ఆ పట్టు విడిపించడానికి ఫ్యాక్టరీలో 400 డిగ్రీలకు పైగా వేడి, వందల రెట్ల వాయుపీడనం కావాలి. బుడిపెలోని రైజోబియం బ్యాక్టీరియా అదే పని మామూలు మట్టి వేడిమిలో నైట్రోజినేజ్ అనే ఎంజైముతో చేసేస్తుంది. అందులో ఇనుము, మాలిబ్డినం ఉంటాయి. ఒక్క నత్రజని అణువుకు కనీసం 16 ఏటీపీలు ఖర్చు, ఏటీపీ అంటే కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువు. ఆ శక్తి కోసం బ్యాక్టీరియా చక్కెరను ఆక్సిజన్‌తో కాల్చుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, ఆక్సిజన్ తగిలితే నైట్రోజినేజ్ పాడైపోతుంది. ఆక్సిజన్ లేకపోతే శక్తి లేదు, ఉంటే ఎంజైము లేదు.

మా అమ్మమ్మ రాత్రిపూట పొయ్యిలో నిప్పు మీద బూడిద కప్పేది. బొత్తిగా గాలాడకపోతే నిప్పు ఆరిపోతుంది, బాగా ఆడితే తెల్లారేసరికి కాలి బూడిదవుతుంది. బూడిద సందుల్లోంచి సన్నగా దూరే గాలికి కణిక పొద్దుటిదాకా కనకనలాడేది. బుడిపెలో ఆ బూడిద పని లెగ్‌హిమోగ్లోబిన్‌ది. ఆక్సిజన్‌ను విడిగా తిరగనివ్వకుండా పట్టుకుని, బ్యాక్టీరియాకు చిటికెడు చిటికెడు అందిస్తుంది. బుడిపె పైపొర కూడా గాలిని సందు చూసే వదులుతుంది. అందుకే రంగు చూస్తే చాలు. లోపల ఎరుపుంటే నిప్పు రాజుకుని ఉన్నట్టు. ఆకుపచ్చగానో బూడిదరంగుగానో ఉంటే ఆరిపోయినట్టు. మీ వేరుశనగ చేలో ఇవాళే చూసుకోవచ్చు, ల్యాబు అక్కర్లేదు.

మరి కట్టె ఎక్కణ్ణుంచి? ఆకుల్లో తయారయ్యే చక్కెరే ఆ పొయ్యికి కట్టె. కొమ్మలన్నీ కొట్టేస్తే వేళ్లకు చక్కెర ఆగిపోతుంది, కొద్ది రోజుల్లో బుడిపెలు చాలావరకు ఎరుపు పోయి, కుళ్లి, దాచుకున్న నత్రజనిని మట్టిలో వదులుతాయి. సన్నవేళ్లు కూడా చాలా చచ్చిపోతాయి. పైన నీడ పోయింది, కింద నీళ్ల పోటీ తగ్గింది, కోసిన రొట్ట చాళ్లలో పడింది. ఫోన్‌లో అడిగిన రైతుకు నా జవాబు ఈ మూడూ. అందుకే మొదటి కోత జూన్‌లో విత్తే ముందు. రెండోది నవంబర్‌లో యాసంగికి ముందు. వేసవి పంట ఉంటే మార్చిలో ఇంకోటి. ఒకటి రెండు కొమ్మలు వదిలేస్తే బుడిపెల్లో కొన్ని బతికే ఉండి చెట్టు తొందరగా తేరుకుంటుంది.

కొట్టేది నేలనుంచి ముప్పావు మీటరు ఎత్తులో. కత్తి పదునుగా ఉండాలి, మోడు చీలకూడదు. ఇక్కడే ఆ అవ్వ మళ్లీ అడ్డుపడింది. "పచ్చని చెట్టును నరికితే పాపం కాదా సారూ?" ఆ భయాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేయలేను. జమ్మిని, రావిని, వేపను ఇన్నాళ్లూ ఊళ్లల్లో నిలబెట్టింది అదే. నిరుడు కొట్టిన మోడు దగ్గరికి తీసుకెళ్లాను. చిగుళ్లు తొమ్మిది లెక్కపెట్టింది, తర్వాత కత్తి అడిగి తనే ఒక కొమ్మ కొట్టింది.

లెక్క కూడా చెప్పాలి. హెక్టారుకు 700 మీటర్ల గట్టు, అరమీటరుకొక మొక్క, అంటే 1400 మొక్కలు. చెట్లు కుదురుకున్నాక వాటి రొట్టనుంచి ఏడాదికి సుమారు 30 కిలోల నత్రజని వస్తుంది. ఎకరాకు 12 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20 కిలోల పైచిలుకు, కాబట్టి అర బస్తా దాటింది. యూరియా పూర్తిగా మానేయమని నేను చెప్పను. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ జొన్న, పెసర పంటలతో ఏళ్లతరబడి చేసిన ప్రయోగాల్లో హెక్టారుకు రెండు టన్నుల గ్లైరిసిడియా రొట్టకు యూరియా రూపంలో 20 కిలోల నత్రజని కలిపినప్పుడు జొన్న దిగుబడి బాగా పెరిగింది. ఆకు త్వరగా కుళ్లుతుంది కాబట్టి పరిచి వదిలేయకుండా మట్టిలో కలిపేయండి. ఇంకో మేలు, ఆ ఆకు వాసనకు అలవాటు లేని మేకలు దాన్ని ముట్టవు. కంచె వేసుకోలేని వాళ్లకు ఇది చిన్న సంగతి కాదు.

ఒక పొరపాటు మాత్రం చాలామంది చేస్తారు. కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది కదా అని గట్టంతా కొమ్మలు గుచ్చేస్తారు. కొమ్మకు తల్లివేరు రాదు, వేళ్లన్నీ పక్కకు, పైపైన పాకి పంటవేళ్ల మధ్యకే వస్తాయి. మొదట అడిగిన పోటీ మళ్లీ మొదలవుతుంది. గింజనుంచి పెంచిన మొక్క తల్లివేరు లోతుకు దింపుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో గింజలు రాత్రంతా నీళ్లలో నానబెట్టి సంచుల్లో వేసుకోండి. జూన్‌లో రెండు మంచి వానలు పడేసరికి గట్టుకు మొక్కలు సిద్ధంగా ఉంటాయి.