బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు సబ్‌వూఫర్: అపోహలు - వాస్తవాలు

ఇళ్లలో స్టీరియోలు బిగించే పని నాది. సబ్‌వూఫర్ (బేస్, అంటే పాటలోని లోతైన కింది స్వరాల కోసమే పెట్టే వేరే స్పీకర్, పొట్టిగా సబ్) మాట ఎత్తగానే కస్టమర్లు అనే మాటలు దాదాపు ఇవే.

అపోహ: సబ్ సినిమాలకే, పాటలకు అక్కర్లేదు.

ఐదారు అంగుళాల వూఫర్ (కింది స్వరాలు పలికే కోన్) ఉన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్, అంటే అల్మరాలో పట్టే చిన్న స్పీకర్, చాలావరకు 50, 60 హెర్ట్జ్ (సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే లెక్క, అంకె తగ్గేకొద్దీ స్వరం లోతు) దగ్గరే చేతులెత్తేస్తుంది. బేస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ మోగేది 41 హెర్ట్జ్ దగ్గర. అంటే వాయించినాయన కష్టంలో కొంత మీ గది దాకా రావట్లేదన్నమాట. పాటలకు సబ్ వద్దనేవాళ్లు చాలామంది విన్నది, వాల్యూమ్ మూడొంతులు తిప్పేసి వదిలేసిన సబ్‌నే.

అపోహ: బేస్‌కు దిక్కు తెలియదు, కాబట్టి ఎక్కడ పెట్టినా ఒకటే.

సగం నిజం. సుమారు 80 హెర్ట్జ్ కంటే కింద శబ్దం ఎటునుంచి వస్తోందో చెవి పట్టలేదు, కానీ గది ఊరుకోదు. ఎదురెదురు గోడల మధ్య 12 అడుగులుంటే 47 హెర్ట్జ్ దగ్గర గదే మోగడం మొదలుపెడుతుంది. గోడకు ఆనించిన సోఫాలో కూర్చుంటే ఆ స్వరం ఒక్కటే హోరెత్తిపోతుంది, సరిగ్గా మధ్యలో కుర్చీ వేసుకుంటే అదే స్వరం దాదాపు మాయం. పైగా మనవి ఇటుక గోడలు, కాంక్రీట్ స్లాబు, కింద టైల్స్. అమెరికాలో చెక్క ఫ్రేముకు జిప్సం బోర్డు కొట్టిన గోడల్లోంచి బేస్ కొంత బయటికి పోతుంది, మన దగ్గర లోపలే తిరుగుతుంది, అందుకే అక్కడివాళ్ల వీడియో చూసి సబ్‌ను మూలకు తోసేస్తే ఇక్కడ మోత ఇంకా ఎక్కువవుతుంది.

నేను చేసేది ఇది: సబ్‌ను తీసుకెళ్లి మీరు కూర్చునే సోఫా మీదే పెడతాను. బేస్ గిటార్ ఎక్కి దిగే పాట ఒకటి రిపీట్‌లో పెట్టి, గోడల వెంబడి మోకాళ్ల మీద పాకుతూ వింటాను (ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి). ఏ స్వరమూ ఎగరకుండా, ఏదీ మాయమవకుండా అన్నీ సమంగా వినిపించిన చోటే సబ్‌కు చోటు. టీవీ స్టాండ్ పక్కన ఖాళీ ఉంది కదా అంటే కుదరదు.

అపోహ: 12 అంగుళాల సబ్ బద్ధకంగా ఉంటుంది, పాటలకు 8 అంగుళాలదే చురుకు.

60 హెర్ట్జ్ ఏ కోన్‌లోంచి వచ్చినా 60 హెర్ట్జే. అదే శబ్దానికి పెద్ద కోన్ తక్కువ కదిలితే సరిపోతుంది కూడా. బద్ధకంగా వినిపిస్తోందంటే ముందు గదిని, తర్వాత లెవెల్‌ను అనుమానించండి.

అపోహ: సబ్ వెనక క్రాసోవర్ నాబ్ (సబ్ ఏ స్వరం దాకా పలకాలో తేల్చేది) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే స్పీకర్లకు భారం తగ్గుతుంది.

ఇది చాలామందికి తెలియదు. ఆ నాబ్ సబ్‌కు పైభాగాన్ని కోస్తుంది, అంతే. ఆంప్లిఫయర్‌లోనో రిసీవర్‌లోనో హై-పాస్ (కింది స్వరాలను ఆపి పైవి మాత్రమే స్పీకర్లకు పంపే ఏర్పాటు) లేకపోతే స్పీకర్లకు కింది బేస్ మొత్తం పోతూనే ఉంటుంది, అప్పుడు 80 పెడితే ఇద్దరూ ఒకే స్వరం వాయించి ముద్ద చేస్తారు. అలాంటి సెటప్‌లో 50, 60 దగ్గర మొదలుపెట్టి చెవితో సర్దుకోవాలి. రిసీవర్ తనే క్రాసోవర్ చూసుకుంటుంటే మాత్రం సబ్ మీది నాబ్‌ను పూర్తిగా పైకి తిప్పేయండి, లేదంటే రెండుసార్లు కోసినట్టవుతుంది.

అపోహ: నా ఆంప్‌కు సబ్ అవుట్ (సబ్‌కు వైరు తగిలించే సాకెట్) లేదు, కాబట్టి కుదరదు.

చాలా సబ్‌లకు స్పీకర్ లెవెల్ ఇన్‌పుట్ ఉంటుంది, ఆంప్ స్పీకర్ టెర్మినల్స్ నుంచే వైరు లాగొచ్చు, ఆంప్ మీద చెప్పుకోదగ్గ లోడ్ కూడా పడదు. కాకపోతే క్లాస్ డి అనే రకం ఆంప్‌లు కొన్నిటిలో నెగటివ్ టెర్మినల్‌ను గ్రౌండ్‌కు కలపకూడదు, కలిపితే ఆంప్ కాలిపోవచ్చు, మాన్యువల్ చూడకుండా వైరు ముట్టుకోవద్దు.

అపోహ: ఫోమ్ అంటిస్తే కింది ఫ్లాటువాళ్లకు వినపడదు.

40 హెర్ట్జ్ అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. అంగుళం ఫోమ్ దాన్నేం చేస్తుంది? సబ్ కింద రబ్బరు ప్యాడ్లు వేస్తే స్లాబులోకి దిగే అదురు కాస్త తగ్గుతుంది, గాలిలో వెళ్లేది అలాగే వెళ్తుంది. రాత్రి పదయ్యాక లెవెల్ తగ్గించుకోవాల్సిందే.