పింఛను తీసుకునే మనిషి పోతే సచివాలయానికి చెప్పకూడదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

గుంటూరులో ఒక వార్డు సచివాలయంలో వెల్ఫేర్ సెక్రటరీగా పనిచేస్తున్నాను. ఒకటో తారీఖు తెల్లారేసరికి ఫోనూ, వేలిముద్ర మిషనూ, డబ్బు సంచీ పట్టుకుని వీధుల్లో ఉంటాను. మిగతా రోజుల్లో నా టేబుల్ దగ్గరికి వచ్చే సందేహాల్లో సగం వాట్సాప్‌లో పుట్టినవే. చాలావాటికి ఒక్క మాటలో జవాబు చెప్పి పంపేయొచ్చు. ఒకదానికి మాత్రం అలా కుదరడం లేదు. దాన్ని నమ్మిన ఇంట్లో ఆడమనిషి నెలకు నాలుగు వేలు పోగొట్టుకుంటోంది.

అపోహ: పింఛను తీసుకునే భర్త చనిపోతే సచివాలయానికి చెప్పకూడదు. చెబితే పింఛను ఆపేస్తారు, రైస్ కార్డు కూడా పోతుంది.

వాస్తవం: చెప్పకపోతేనే పోతుంది. స్పౌజ్ కేటగిరీ, అంటే భర్త పింఛను పోయాక భార్యకు పింఛను పెట్టే పద్ధతి, 2024 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలనెలా ఇచ్చే ఎన్టీఆర్ భరోసా పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే, భార్యకు అప్పటికే వేరే పింఛను లేకపోతే, ఆమె పేరు మీద వితంతు పింఛను 4,000 పెడతాం. కొత్త పింఛన్ల దరఖాస్తులకు ఆన్‌లైన్ పోర్టల్ తెరిచారా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. భర్త మరణ ధ్రువపత్రం, ఆమె ఆధార్, రైస్ కార్డు పట్టుకుని వస్తే మిగతాది మేం చూసుకుంటాం. 2023 డిసెంబరు 1 నుంచి 2024 అక్టోబరు 31 మధ్య భర్తలు పోయినవాళ్ళకు కూడా 2025లో ఇదే దారిలో ఇచ్చారు. కార్డు సంగతంటారా, అందులో చనిపోయినవాళ్ళ పేరొక్కటే తీసేస్తారు. కార్డు ఎక్కడికీ పోదు.

మరి ఈ పుకారు ఎందుకు ఆగడం లేదు? నాకు అర్థమైనంతలో, ఒక మంచి నిబంధనను ఎవరో తిరగేసి చెప్పారు. ఇదివరకు ఆ నెల పింఛను ఆ నెలే తీసుకోవాలి, తప్పితే అంతే. ఇప్పుడు అలా లేదు. ఊళ్ళో లేక వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా, మూడో నెలలో మొత్తం కలిపి ఇస్తున్నాం. 4,000 చొప్పున 12,000. దీన్ని పట్టుకుని, "మనిషి పోయినా నోరెత్తకండి, ఊరెళ్ళాడని చెప్పండి, మూడో నెలలో ఒకేసారి వస్తాయి" అని మొదలుపెట్టారు. ఎవరి వేలు పెట్టి తీసుకుంటారు? వేలిముద్రో, ముఖమో పడకుండా యాప్‌లో రూపాయి కదలదు. వరుసగా మూడు నెలలు తీసుకోకపోతే పింఛను హోల్డ్‌లో పడుతుంది. అప్పుడు ఆయన పింఛనూ ఉండదు, ఆమె పింఛనూ మొదలవదు.

మిర్చి యార్డు దగ్గర తొడిమలు తీసే పనికి వెళ్ళే ఒక పిన్నిగారి విషయమే తీసుకోండి. భర్త అదే యార్డులో హమాలీగా చేసి, మోకాళ్ళు అరిగి మానేసిన మనిషి. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని, "వచ్చావా అమ్మాయ్" అంటూ చెయ్యి చాపేవాడు. ఒక నెల అరుగు ఖాళీగా ఉంది. "తెనాలి కూతురింటికి వెళ్ళాడమ్మా" అంది ఆమె, నా వైపు చూడకుండా. పక్కనే మరిది నిలబడి ఉన్నాడు. తర్వాతి నెలా తెనాలే. ఎదురింటావిడ నాకు సైగ చేసింది, అర్థమైంది. కానీ గుమ్మంలో నిలబడి, "మీ ఆయన పోయాడా" అని అడిగే నోరు నాకు లేదు. "బాబాయ్ విషయం ఏదైనా ఉంటే ఆఫీసుకి రా పిన్నీ, నీకే మంచిది" అని మాత్రం చెప్పి వచ్చేశాను.

వచ్చింది, చాలా రోజులకి. కొంగుతో మొహం తుడుచుకుందామనుకుని ఆగిపోయింది. పనిలోంచి నేరుగా వచ్చింది మరి, చేతులకి కారం ఉంది. "కేసు పెడతారా అమ్మా?" అన్నది మొదటి మాట. ఆమె దొంగతనం చేయలేదు, ఒక్క రూపాయి తీసుకోలేదు, అయినా ఆ భయంతోనే అన్ని రోజులు నిద్ర లేకుండా గడిపింది. ఆ మరిది మీద నాకు వచ్చిన కోపం ఇక్కడ రాస్తే బాగోదు.

అసలు తిప్పలు అక్కడ మొదలయ్యాయి. మనిషి ఇంట్లోనే పోయాడు. దహనం చేసినప్పుడు ఇచ్చిన రసీదు కొడుకు జేబులో హైదరాబాదు వెళ్ళిపోయింది. మరణం నమోదు చేయించినవాళ్ళే లేరు. ఇక్కడ గడువులు తెలుసుకోండి, ఎందుకంటే పింఛను ఆలస్యమయ్యేది మా దగ్గర కాదు, ఈ కాగితం దగ్గర. మరణం జరిగిన 21 రోజుల్లోపు చెబితే రుసుము లేకుండా నమోదు చేస్తారు. 30 రోజుల్లోపు అయితే కాస్త ఆలస్య రుసుము. 30 రోజులు దాటి ఏడాదిలోపు అయితే పైఅధికారి రాతపూర్వక అనుమతి, మీ వైపు నుంచి ధ్రువీకరణ కావాలి. ఏడాది దాటిందా, మేజిస్ట్రేటు హోదా ఉన్న రెవెన్యూ అధికారి ఉత్తర్వు లేకుండా పని జరగదు. 21 రోజుల్లో ఊరికే అయ్యే పని ఎన్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతుందో ఊహించుకోండి. పిన్నిగారికి పింఛను వచ్చింది, కానీ మంజూరైన నెల నుంచే. పోయిన నెలలకు లెక్కగట్టి ఇవ్వరు.

ఇంకో రెండు విషయాలు. మరణం ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది, సొంతూళ్ళో కాదు. విజయవాడ ఆసుపత్రిలో పోతే కాగితం అక్కడ ఉంటుంది, గుంటూరు కార్పొరేషన్‌లో ఎంత వెతికినా దొరకదు. ఆసుపత్రిలో జరిగినవి ఆసుపత్రివాళ్ళే పంపుతారు. ఇంట్లో జరిగితే ఇంటి పెద్ద చెప్పాలి. రెండోది పేరు. ఏడుపులో ఉన్న ఇంటి నుంచి ఎవరో బంధువు వెళ్ళి, వాడకంలో ఉన్న పేరు చెప్పేస్తాడు. ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ఒకటి, ధ్రువపత్రంలో ఇంకొకటి. మళ్ళీ సవరణ, మళ్ళీ తిరుగుడు. నమోదుకు వెళ్ళేవాళ్ళ చేతికి ఆధార్ జిరాక్స్ ఇచ్చి పంపండి. పెద్దకర్మ కార్డులు పంచడానికి తిరిగే బంధువుల్లో ఒకరు ఈ పని చూసుకుంటే చాలు.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

వేలిముద్ర పడకపోతే పింఛను పోతుందనేది తప్పు. మన ఊళ్ళో మిరపకాయలు ఒలిచీ ఒలిచీ గీతలు అరిగిపోయిన వేళ్ళు ఎన్ని లేవు! ముఖం చూపించినా సరిపోతుంది. కాస్త వెలుతురులో నిలబడి కళ్ళు తెరిచి ఉంచండి చాలు, మిషను మీద వేలు విరిగిపోయేలా నొక్కక్కర్లేదు.

వేసవిలో ఒక్క నెల కరెంటు 300 యూనిట్లు దాటితే పింఛను తీసేస్తారన్న మాట కూడా నిజం కాదు. చూసేది సగటు. అసలు ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, మీ ఆధార్‌కు ఇంకెవరిదో మీటరు తగిలి ఉండటం. అద్దెకుండి ఖాళీ చేసిన ఇంటి మీటరు కూడా అలా పట్టుకుని ఉంటుంది. కరెంటు ఆఫీసులో తీయించుకుని వస్తే సరిపోతుంది.

ఇంటికి ఒకటే పింఛను అన్నది మామూలుగా నిజమే. డయాలసిస్ రోగులకు, తీవ్ర వైకల్యం ఉన్నవాళ్ళకు ఆ నిబంధన అడ్డు రాదు. "కేంద్రం ఇచ్చే డబ్బును రాష్ట్రం పంచుతోంది" అనే పెద్దమనుషులకు ఒక లెక్క: జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 79 ఏళ్ళ వరకు నెలకు 200, 80 దాటితే 500. అదీ అందరికీ కాదు. మీకు వచ్చే 4,000లో ఎంత ఎక్కడిదో మీరే చూసుకోండి.

నోటీసు వస్తే అంతా అయిపోయినట్టే అనుకునేవాళ్ళు చాలామంది. 2025 ఆగస్టులో దివ్యాంగుల పింఛన్ల పునఃపరిశీలన నోటీసులు వచ్చినప్పుడు ఒకాయన వాటిని చింపి పారేసి ఇంట్లో పడుకున్నాడు. ఆ కాగితం చివరి పేరాలోనే అప్పీలు చేసుకునే దారి ఉంది. పట్టణాల్లో మున్సిపల్ కమిషనర్‌కు, పల్లెల్లో ఎంపీడీవోకు దరఖాస్తు ఇస్తే మళ్ళీ వైద్య పరీక్షకు పంపుతారు. వైకల్యం 40 శాతం కంటే తక్కువ తేలినా, 60 ఏళ్ళు నిండినవాళ్ళకు వృద్ధాప్య పింఛనుగా మార్చే వీలుంది. పరీక్షకు పాత ఎక్స్‌రేలు, ఆపరేషన్ కాగితాలు అన్నీ తీసుకెళ్ళండి. నిజంగా కాలు లేని మనిషి కూడా భయంతో వణకడం చూశాను. ఆ టెన్షన్ పెట్టింది నోటీసు కంటే వీధి చివర కబుర్లే.

అయిదు వేలు ఇస్తే కొత్త పింఛను పెట్టిస్తామనే వాళ్ళ మాట వినకండి. ప్రభుత్వం పోర్టల్ తెరవనిదే సచివాలయంలో మేం కొత్త పేరు ఎక్కించలేం. తెరిచినప్పుడు సచివాలయంలోనే తీసుకుంటాం, దానికి లంచం అక్కర్లేదు. ఇప్పటికే ఇచ్చి ఉంటే తిరిగి అడగండి, మొహమాటపడకండి.

ఇక ఒకటో తారీఖు ఆదివారం వస్తే సోమవారం ఇస్తారనేది. ముందు రోజే ఇచ్చేస్తాం, అంటే శనివారం పొద్దున్నే. ఆ రోజు ఇంటికి తాళం వేసి పెళ్ళికి వెళ్ళిపోయి, మధ్యాహ్నం ఫోన్ చేసి "మా ఇంటికి రాలేదేం" అని నన్ను కోప్పడకండి.