ఏఆర్-15 బఫర్, స్ప్రింగ్, గ్యాస్: అపోహలు - వాస్తవాలు

ఏఆర్-15 తరహా రైఫిల్ ఇబ్బంది పెడితే చాలామంది ముందుగా కొనేది బరువైన బఫర్, అంటే భుజం వైపు ట్యూబ్‌లో బోల్ట్ క్యారియర్ వెనక కదిలే బరువు. నిజానికి దాని వంతు రెండోది. తూటా కూర్చునే ఛాంబర్‌ను మూసేది బోల్ట్, దాన్ని మోసేది క్యారియర్. ఆ క్యారియర్‌ను వెనక్కి నెట్టేది, కాల్చినప్పుడు బ్యారెల్‌లోని పోర్ట్ అనే చిన్న రంధ్రం గుండా వచ్చే గ్యాస్. ఆ తోపుకు అది ఎంత వేగం అందుకుంటుందో నిర్ణయించేది కదిలే భాగాల బరువు. తిరిగి ముందుకు తెచ్చి ఛాంబర్‌ను మూసేది స్ప్రింగ్. సరిచేయడం కూడా ఈ వరసలోనే సాగాలి, ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు భాగాలు ఒకేసారి మారిస్తే గుణం దేనివల్ల వచ్చిందో తేలదు.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్‌ను కంటితో చూసి, వేలితో తడిమి, తూటాలను బల్ల మీద నుంచి పూర్తిగా తీసేయాలి. బఫర్ పిన్ నొక్కగానే బఫర్, స్ప్రింగ్ ఎగిరి వస్తాయి. కంటికి అద్దాలు, బఫర్ మీద అరచేయి తప్పనిసరి.

అపోహ: బరువైన బఫర్ వేస్తే రైఫిల్ తన్ను తగ్గుతుంది.

తుపాకి ఎంత తంతుందో నిర్ణయించేవి గుండు బరువు, దాని వేగం, వెంట వెళ్లే మందు వాయువులు, రైఫిల్ బరువు. సుమారు 3.6 గ్రాముల గుండు సెకనుకు 950 మీటర్ల వేగంతో బయటికెళ్తే, ఆ గుండు ఒక్కదాని ద్రవ్యవేగమే దాదాపు 3.4 కేజీ-మీ/సె. అంత తోపు వెనక్కి రావాల్సిందే. బఫర్ దాన్ని మింగలేదు. మొత్తం అంతే ఉంటుంది, భుజానికి చేరే తీరు మారుతుంది. క్యారియర్ అతివేగంగా వచ్చి ట్యూబ్ వెనక గోడను గుద్దితే పదునైన దెబ్బలా తెలుస్తుంది. నెమ్మదిగా వచ్చి ఆగితే ఒక తోపులా ఉంటుంది. ఈ తేడా కోసం శ్రమపడటం సబబే. తన్నునే తగ్గించాలనుకుంటే మాత్రం మంచి మజిల్ బ్రేక్ (బ్యారెల్ మొనకు బిగించి వాయువులను పక్కకు మళ్లించేది) చేసే పనిలో కొంత వంతు కూడా బఫర్ చేయలేదు.

అంకెల్లో చూస్తే సంగతి ఇంకా స్పష్టం. పూర్తి బరువున్న క్యారియర్, బోల్ట్ కలిపి సుమారు 330 గ్రాములు. మామూలు కార్బైన్ (కురచ రకం రైఫిల్) బఫర్ 85, దానికంటే బరువైన రకాలు హెచ్ 108, హెచ్2 130, హెచ్3 155 గ్రాములకు అటూఇటుగా ఉంటాయి. 85 నుంచి 130కి మారితే బఫర్ ఒకటిన్నర రెట్లు పెరిగినట్టు కనిపిస్తుంది. కానీ కదిలే మొత్తం 415 నుంచి 460కి చేరుతుంది, అంటే పెరిగింది 11 శాతమే. గ్యాస్ చాలా ఎక్కువైన రైఫిల్‌ను ఈ 11 శాతం కాపాడలేదు.

బఫర్ అసలు పని ఏమిటో చరిత్రలోనూ కనిపిస్తుంది. 1960లలో ఎం16 తూటాలో మందు రకం మార్చాక కాల్పుల వేగం పెరిగింది. దాన్ని అదుపు చేయడానికే లోపల జారే బరువులున్న కొత్త బఫర్ వచ్చింది. ఆ బరువులు కాస్త ఆలస్యంగా వచ్చి తాకడం వల్ల, మూసుకున్న క్యారియర్ ఎగిరి వెనక్కి రాదు. అందుకే బఫర్‌ను ఊపితే లోపల చప్పుడు రావాలి. రాకపోతే బరువులు ఇరుక్కున్నాయని అర్థం.

అపోహ: గట్టి స్ప్రింగ్, బరువైన బఫర్ ఒకే పని చేస్తాయి.

చేయవు. బోల్ట్ బ్యారెల్ వెనక వేసుకున్న తాళం విడిపోయేది క్యారియర్ ప్రయాణంలోని తొలి కొద్ది మిల్లీమీటర్లలో. అంత చిన్న దూరంలో గట్టి స్ప్రింగ్ ఇచ్చే అదనపు నిరోధం గ్యాస్ తోపు ముందు లెక్కలోకి రాదు. ఆ క్షణాన్ని వెనక్కి జరిపేది బరువే. గట్టి స్ప్రింగ్ ప్రభావం ప్రయాణం చివర్లోనూ, తిరుగు ప్రయాణంలోనూ కనిపిస్తుంది. మురికి ఛాంబర్‌లోకి కూడా తూటాను బలంగా తోస్తుంది. దానికి బదులుగా మూసుకునేటప్పుడు బ్యారెల్ మొన కిందికి వంగుతుంది. వరసగా గురి పెట్టేవాళ్లకు ఈ కుదుపు తన్ను కంటే ఎక్కువ చిరాకు.

కాల్చిన ఖాళీ కేసు అంచు చిరిగి వస్తుంటే, దాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ గోరు గుర్తులు లోతుగా పడుతుంటే తాళం తొందరగా విడిపోతోందని అనుమానించాలి. దీనికి చికిత్స ముందు గ్యాస్ తగ్గించడం, ఆ తర్వాత బరువు పెంచడం. స్ప్రింగ్ కాదు. సప్రెసర్ (చప్పుడు తగ్గించే గొట్టం) బిగించినప్పుడు ఈ గుర్తులు హఠాత్తుగా కనిపించడానికి కారణం, బ్యారెల్‌లో పీడనం ఎక్కువసేపు నిలిచి వెనక్కి వచ్చే గ్యాస్ పెరగడం.

అపోహ: ఖాళీ కేసు పడే దిక్కు చూస్తే చాలు.

బ్యారెల్ మొనను గడియారంలో 12గా తీసుకుంటే, కేసులు 3 నుంచి 4:30 మధ్య పడటం బాగుందంటారు. 1-2 వైపు ఎగిరితే గ్యాస్ ఎక్కువ, 5 దాటి వెనక్కి పడితే తక్కువ అని సూత్రం. తొలి అంచనాకు పనికొస్తుంది. తీర్పుగా తీసుకోకూడదు. కేసును విసిరే ఎజెక్టర్ స్ప్రింగ్ అలసినా, ఎక్స్‌ట్రాక్టర్ పట్టు మారినా, కేసు తగిలి మళ్లే డిఫ్లెక్టర్ ఆకారం వేరైనా, తూటా బ్రాండ్ మార్చినా దిక్కు మారిపోతుంది. నమ్మాల్సింది ఖాళీ మ్యాగజైన్ మీద బోల్ట్ వెనకే ఆగుతోందా లేదా అన్నది, కేసుల మీది గుర్తులు.

అపోహ: కొత్త తూటా ఎక్కకపోతే గ్యాస్ చాలడం లేదు, పోర్ట్ పెద్దది చేయాలి.

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. డ్రిల్లుతో పెంచిన రంధ్రాన్ని మళ్లీ చిన్నది చేయలేం. పైగా బోల్ట్ తూటా వెనక అంచును అందుకోకుండా మీదుగా వెళ్లిపోవడానికి రెండు విరుద్ధ కారణాలున్నాయి. క్యారియర్ పూర్తిగా వెనక్కి రాకపోవడం ఒకటి. అతివేగంగా వచ్చి తిరిగి వెళ్లడంతో, మ్యాగజైన్ స్ప్రింగ్ తూటాను పైకెత్తే వ్యవధి లేకపోవడం రెండోది. మొదటిదైతే కేసులు నీరసంగా దగ్గర్లో పడతాయి. రెండోదైతే విసురుగా ముందుకు పోతాయి. కొత్త మ్యాగజైన్ వేయగానే సమస్య పోతే వెతుకులాట అక్కడితో ఆపాలి.

గ్యాస్ నిజంగానే తక్కువనిపిస్తే కారుతోందేమో చూడాలి. గ్యాస్‌ను లోపలికి తీసుకునే, క్యారియర్ మీది గ్యాస్ కీ కదలకూడదు, దాని స్క్రూల చుట్టూ లోహం నొక్కి స్టేక్ చేసి ఉండాలి. బ్యారెల్ మీద కూర్చునే గ్యాస్ బ్లాక్ రంధ్రం పోర్ట్‌తో సరిగ్గా కలవాలి. బోల్ట్‌ను ముందుకు లాగి, క్యారియర్‌ను దాని మీద నిలబెడితే సొంత బరువుకు దిగిపోకూడదు. దిగిపోతే బోల్ట్ చుట్టూ గ్యాస్ కారకుండా ఆపే మూడు గ్యాస్ రింగులూ మార్చాలి. ఆ రింగుల సందులు ఒకే వరసలోకి వస్తే రైఫిల్ ఆగిపోతుందన్న మాట మాత్రం ఒట్టిది.

అపోహ: గ్యాస్ ఎంత తగ్గిస్తే అంత మంచిది.

శుభ్రమైన రైఫిల్‌ను, వెచ్చని రోజున, బలమైన తూటాతో అంచుదాకా తగ్గిస్తే హాయిగా ఉంటుంది. మురికి పట్టాకో, చలిలోనో ఆగిపోతుంది. క్లిక్‌లతో గ్యాస్ పెంచి తగ్గించగల సర్దుబాటు గ్యాస్ బ్లాక్‌కు పద్ధతి ఇది:

1. ఖాళీ మ్యాగజైన్ పెట్టి ఛార్జింగ్ హ్యాండిల్ (బోల్ట్‌ను వెనక్కి లాగే పిడి) చేత్తో లాగండి. బోల్ట్ వెనకే ఆగాలి. చేత్తో లాగినా ఆగకపోతే తప్పు బోల్ట్‌ను వెనక పట్టి ఉంచే బోల్ట్ క్యాచ్‌ది లేదా మ్యాగజైన్‌ది, గ్యాస్‌ది కాదు.
2. వాడబోయే వాటిలో అతి బలహీనమైన తూటా ఎంచుకోండి. క్యారియర్‌కు నూనె బాగా రాయండి.
3. బ్లాక్ పూర్తిగా మూసి, మ్యాగజైన్‌లో ఒక్క తూటా పెట్టి కాల్చండి. బోల్ట్ వెనక ఆగేదాకా క్లిక్ తర్వాత క్లిక్ తెరుస్తూ ఇదే చేయండి.
4. ఆగిన చోట మరో ఐదుసార్లు ఒక్కో తూటాతో ఖాయం చేసుకోండి. ఒక్కసారి తప్పినా ఇంకో క్లిక్ తెరవండి.
5. ఆపైన ఒకటి రెండు క్లిక్‌లు అదనంగా తెరిచి, నిండు మ్యాగజైన్‌తో చూడండి. భుజానికి గట్టిగా ఆనించి ఒకసారి, వదులుగా పట్టి ఒకసారి కాల్చండి.

తేలికపాటి క్యారియర్, తేలిక బఫర్ కలిసిన పోటీ రైఫిళ్లలో ఈ అదనపు క్లిక్‌లను వదిలేయాలన్న ఆశ ఎక్కువ. బరువు తగ్గినకొద్దీ మురికిని తోసుకుపోయే ఊపు కూడా తగ్గుతుంది కాబట్టి, వాటిలో ఇంకా జాగ్రత్త అవసరం.

అపోహ: స్ప్రింగ్ విరిగేదాకా బాగున్నట్టే.

బయటకు తీసి కొలవాలి. కార్బైన్ స్ప్రింగ్ విడిగా 10 1/16 నుంచి 11 1/4 అంగుళాలు, రైఫిల్ స్ప్రింగ్ 11 3/4 నుంచి 13 1/2 అంగుళాలు ఉండాలి. అంతకంటే కురచైతే మార్చేయాలి. సాగదీసి మళ్లీ వాడకూడదు, చుట్లు కత్తిరించకూడదు. ట్యూబ్‌లోంచి వినిపించే గరగర శబ్దం మాత్రం జబ్బు కాదు, పలుచగా గ్రీజు రాస్తే తగ్గుతుంది.

కార్బైన్, రైఫిల్ భాగాలను కలపడం అసలు ప్రమాదం. పొడవాటి రైఫిల్ ట్యూబ్‌లో కురచ కార్బైన్ బఫర్ వేస్తే క్యారియర్ హద్దు దాటి వచ్చి, గ్యాస్ కీ లోయర్ రిసీవర్ (రైఫిల్ కింది సగం చట్రం) వెనక వలయాన్ని గుద్దుతుంది. ఆ వలయం పగిలితే బఫర్ మార్చినంత మాత్రాన సరిపోదు, రిసీవరే పోయినట్టు.