పోటు నీటి దారిలో గోదావరి మడ అడవి

కాకినాడకు దక్షిణాన, గౌతమీ గోదావరి సముద్రంలో కలిసే మొగల చుట్టూ పరుచుకున్న కోరింగ మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 235 చదరపు కిలోమీటర్ల ఆ నేలకు పటం మీద హద్దులు ఉన్నాయి గాని, అక్కడి ప్రాణులు వాటిని ఎరుగవు. రాత్రివేళ మడ కాలువల్లో చేపలు పట్టే బావురుపిల్లి, అడవి అంచున చెరువు గట్టు ఎదురైతే అక్కడా వేటాడుతుంది. నీటికుక్కలు వలలు చింపి చేపలు తినిపోతాయి. అలాంటప్పుడు మత్స్యకారుడికి వచ్చే కోపం అన్యాయమైనదేమీ కాదు. ఆ నష్టాన్ని లెక్కలోకి తీసుకోకుండా సంరక్షణ గురించి మాట్లాడడమే అన్యాయం.

ఈ అడవిని నిలబెట్టేది కంచె కాదు, రోజూ వచ్చిపోయే ఆటుపోట్లు. తెల్లమడ తన ఆకుల మీది గ్రంథుల ద్వారా అదనపు ఉప్పును బయటికి పంపుతుంది, బురదలో గాలి అందదు గనుక శ్వాసవేళ్లను పైకి లేపుతుంది. అయినా దాని ఓపికకూ ఒక హద్దు ఉంది. చెట్లను మూకుమ్మడిగా నరికిన చోట ఎండ నేరుగా తగిలి మట్టి ఎండి కుంగుతుంది. ఆ పల్లంలోకి పోటుతో వచ్చిన నీరు, సముద్రం వెనక్కి తీసే పాటుతో తిరిగిపోలేక నిలిచిపోతుంది. నీరు ఆవిరైన కొద్దీ ఉప్పు పేరుకుని, చివరకు మడ విత్తనం కూడా మొలవని చవిటినేల మిగులుతుంది. పోటు కాలువకు అడ్డంగా రొయ్యల చెరువు గట్టు పడినా నీటి రాకపోకలు తెగిపోతాయి. గోదావరి డెల్టాలో రొయ్యల సాగు ముమ్మరమైన 1990ల తరువాత ఇది చిన్న విషయం కాదు.

అలా చవిటిబారిన నేలను బాగుచేయడానికి ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, తీర గ్రామాల ప్రజలు కలిసి ఇక్కడ అనుసరించిన పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. సహజమైన పాయ నుంచి ఒక పెద్ద కాలువ తీసి, దానికి రెండు వైపులా చేప ముల్లు ఆకారంలో పిల్లకాలువలు తవ్వుతారు. పోటు నీరు లోపలికి వచ్చి, పాటుతో వెనక్కి పోతూ ఉప్పును కడిగివేస్తుంది. ఆ తరువాతే కాలువ గట్ల వాలు మీద మొక్కలు నాటుతారు. మొక్కలు నాటుతున్న ఫొటోలు చూసి మురిసిపోయే మనం తవ్విన కాలువను పెద్దగా పట్టించుకోం గాని, అసలు వైద్యం కాలువదే. ఆ కాలువల్లో పూడిక తీయకపోతే కథ మళ్లీ మొదటికి వస్తుంది గనుక, ఈ పని ఊరివాళ్ల చేతుల్లో ఉంటేనే సాగుతుంది. అందుకు వారికి స్వంత కారణమూ ఉంది: మండపీతలు, రొయ్యపిల్లలు, పండుగప్ప పిల్లలు పెరిగేది ఆ మడ నీళ్లలోనే.

సముద్రం వైపు చూస్తే చిక్కు స్థలంతో కాదు, కాలంతో. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా కాకినాడ తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలండ్ వంటి ఇసుక తిన్నెల మీద గుడ్లు పెడతాయి. తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధమేమో ఏప్రిల్ 15న మొదలవుతుంది. ఆ నిషేధాన్ని చేపల సంతానోత్పత్తి కోసం పెట్టారు గనుక తప్పుపట్టలేం. కాని తల్లి తాబేళ్లు తీరానికి చేరువలో తిరిగే నెలల్లో మరపడవలు లాగే ట్రాల్ వలలు నీళ్లలోనే ఉంటాయి. ఊపిరి కోసం పైకి రావలసిన తాబేలు వలలో చిక్కితే మునిగి చస్తుంది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సముద్రాన్ని సంప్రదాయ పడవలకే కేటాయించిన నియమం ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటికే ఉంది. చిన్న పడవవాడి వేటను కాపాడడానికి పుట్టిన ఆ నియమాన్ని ఆ మూడు నెలలైనా గట్టిగా అమలు చేస్తే తాబేలుకూ రక్షణ దొరుకుతుంది. ఆ గీత అవతల వేటాడే మరపడవల వలలకు, తాబేలు బయటపడేందుకు కడ్డీల చట్రం, దాని దగ్గర ఒక తలుపు అమర్చవచ్చు. ఆ తలుపులోంచి కొంత చేప కూడా జారిపోతుందని బోటు యజమానులు వెనకాడతారు. నిషేధ కాలంలో మత్స్యకారులకు భృతి ఇస్తున్న ప్రభుత్వం, ఆ జారిపోయిన చేపకూ కొంత వెల కట్టి ఇస్తే చట్రం బిగించమని అడగడం తేలికవుతుంది.